ఆరు స్తంభాల్లో టేకువి నాలుగే

ముప్పై నాలుగేళ్లు పత్రికా విలేకరిగా పనిచేసి రిటైరైనదాన్ని. వయసు డెబ్బై ఒకటి. తెలివి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో ఇది రాస్తున్నాను. ఇంతకు ముందు రాసిన వీలునామాలు చెల్లవు. అమలు బాధ్యత మా వకీలుగారిది.

1. ఇల్లు తాతగారు 1911లో కట్టించింది, నాన్నగారి ద్వారా నాకు వచ్చింది. ఇనుప మేకు ఒక్కటీ లేదు. అతుకులన్నీ కర్ర చీలలతో బిగించినవి. నిచ్చెనెక్కి చూశాను.

2. సవరణ. పన్నెండేళ్ల కిందట మా పత్రికలో "వసారా స్తంభాలు ఆరూ పాత టేకువే" అని రాశాను. అది తప్పు. నాన్నగారి మాట నమ్మాను, తట్టి చూడలేదు. నిరుడు కప్పు బాగుచేయడానికొచ్చిన వడ్రంగి తట్టి, "అమ్మా, ఈ రెండూ పలకట్లేదు. సిమెంటువి. రంగేసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడే!" అన్నాడు. ఆ వ్యాసం చూసే వారసత్వ కట్టడాల శాఖ ఇంటిని రక్షణ జాబితాకు పరిశీలిస్తోంది. ఇవాళే వాళ్లకు నిజం రాసి పంపాను. వాళ్లు ఏం తేలుస్తారో చూసేదాకా ఉంటానని డాక్టరు చెప్పలేదు.

3. జాబితాలో చేరిస్తే ఇల్లూ స్థలమూ నా తమ్ముడివి. కూల్చే హక్కు లేదు. వాడికి అక్కడ అపార్టుమెంటు కట్టాలని ఉంది. "నీకు పాత కర్ర మీదున్న ప్రేమ తోడబుట్టినవాడి మీద లేదే అక్కా" అని పదిమందిలో అన్నాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పరీక్ష మానేసి మంచం పక్కన కూర్చున్నవాడూ వాడే. రెండూ రికార్డులో ఉండాలి.

4. మరదలికి నా కుట్టుమిషను. అడగడానికి ఇరవై ఏళ్లుగా మొహమాటపడుతోంది.

5. మేనకోడలికి నా నోటుపుస్తకాలు. వాటిలో అచ్చుకానివి అచ్చు వేయొద్దు. రుజువు దొరక్కే ఆపాను.

6. శాఖ తోసిపుచ్చితే స్థలం తమ్ముడిది, కర్రంతా వడ్రంగిది. దూలాల చివర కట్టినవాళ్లు ఉలితో చెక్కిన అంకెలున్నాయి. ఆ వరసలో విప్పి, తన వర్క్‌షాపు పక్క ఖాళీ జాగాలో మళ్లీ నిలబెడతానని ఒప్పుకున్నాడు. గడువు ఆరు నెలలు. విడిగా అమ్మకూడదు.

7. విప్పే రోజు తమ్ముడు అక్కడుండాలి. మొదటి చీల వాడే ఊడదీయాలి. ఊడదీయడానికి చేతులు రాకపోతే పని ఆపించే హక్కు వాడికొక్కడికే ఇస్తున్నాను. అప్పుడు ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, వాడిదే అవుతుంది.

తేదీ: 9 మార్చి 2021
(సంతకం) అక్క

సాక్షులు:
ఎదురింటి దర్జీ
మా పత్రిక పాత ప్రూఫ్‌రీడరు