తువ్వాలు ఎవరు పట్టుకుంటారు

జూన్ 2, సోమవారం

డేట్ ఖాయమైంది. పదిహేనో తారీఖు, ఆదివారం, నా బాప్తిస్మం. పాస్టరుగారు రిజిస్టర్‌లో రాయడానికి పూర్తి పేరు అడిగితే ఒక్క క్షణం తడుముకున్నాను. ఇంట్లో మా ఆయన పిలిచేది ఇదిగో అని, డ్యూటీలో నాలుగు అని, చర్చిలో సిస్టర్ అని. నా పేరు నా నోటితో చెప్పి ఎన్నాళ్లయిందో.

రెండు పనులు అప్పజెప్పారు. సంఘం ముందు చదవడానికి, దేవుణ్ణి ఎలా నమ్ముకున్నానో చెప్పే అరపేజీ సాక్ష్యం రాసుకోవాలట. నీళ్లలోంచి లేచాక తువ్వాలు పట్టుకుని నిలబడటానికి ఒక మనిషిని అనుకోవాలట. మా సంఘంలో అది పద్ధతి. నేను ఆలోచించకుండా, నన్ను చర్చికి తెచ్చిన ఏడక్క అనేశాను. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

జూన్ 3

సాక్ష్యం రాశాను. చాలా బాగా వచ్చింది. అందుకే భయంగా ఉంది.

జూన్ 5, గురువారం. ఉదయం 5.40

ఇక రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు.

హాస్పిటల్‌లో మా స్టెరిలైజేషన్ రూంలో పేర్లు తక్కువ, నంబర్లు ఎక్కువ. నేను నాలుగు. నాకంటే పదేళ్లు పెద్దావిడ ఏడు, అందుకని ఏడక్క. ఆపరేషన్ సామాను గుడ్డలో చుట్టి, టేపు వేసి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెడతాం. ఆవిరి తగిలితే టేపు మీది గీతలు నల్లబడతాయి. నల్లబడ్డాకే లేబుల్ కొట్టాలి. లేబుల్ గన్‌కి చిన్న చక్రం ఉంటుంది, అందులో మన నంబరు. గన్ చేతికి రాగానే చక్రం మన నంబరుకు తిప్పుకోవాలి. ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఏడక్క డ్యూటీ దిగింది, నేను ఎక్కాను. థియేటర్ నుంచి ఫోన్ మీద ఫోన్. చక్రం తిప్పలేదు. గీతలు చూడలేదు. ఆటోక్లేవ్‌లోకి ఇంకా వెళ్లని ట్రాలీలోంచి ఒక ప్యాక్ తీసి, లేబుల్ కొట్టి పంపేశాను. విప్పబోతూ థియేటర్ నర్సు గీతలు తెల్లగా ఉండటం చూసింది. పేషెంటుకు ఏమీ కాలేదు. కానీ లేబుల్ మీద ఏడు ఉంది.

గోల మొదలవగానే గన్ తీసి చూశాను. డ్యూటీ ఎక్కగానే మార్చుకున్నట్టు కనబడాలని, బొటనవేలితో చక్రాన్ని ఏడు నుంచి నాలుగుకు తిప్పాను. ప్యాక్ సంగతి పొరపాటే. బొటనవేలి సంగతి పొరపాటు కాదు.

ఏడక్కను తీసేశారు. ఇప్పుడు బయట ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ వాదించలేదు. తనే చేసి ఉంటానని నమ్మింది. డాక్టర్ అక్కర్లేదన్నా వినకుండా కళ్లజోడు కొనుక్కుంది. నేను పళ్ల కవరు పట్టుకుని పరామర్శకు వెళ్తే నన్నే ఓదార్చి, వచ్చే ఆదివారం తనతో చర్చికి రమ్మంది. మొహమాటానికి వెళ్లాను. ఆర్నెల్లు తిరిగేసరికి మొహమాటం పోయింది, దేవుడు మిగిలాడు. నా సాక్ష్యంలో ఆ ఆర్నెల్లూ ఉన్నాయి. ఏడక్కకు కృతజ్ఞతలు కూడా ఉన్నాయి. చక్రం లేదు.

జూన్ 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక ఏడక్క బ్యాగులోంచి తువ్వాలు తీసి చూపించింది. నీలం రంగు. కొత్తవి నీళ్లు పీల్చవని రెండుసార్లు ఉతికిందట. లాండ్రీలో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయాయి, ఆమాత్రం విద్యయినా రాకపోతే ఎలా అని నవ్వింది.

అంతకుముందు మోకాళ్ల మీద ఉన్నప్పుడు, ఎప్పటిలాగే, ఆ రోజు తను చేసిన అజాగ్రత్తను క్షమించమని దేవుణ్ణి అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆమెన్ అన్నాను.

జూన్ 9

మా ఆయనకు చెప్పాను. ఎవరికీ ఏమీ కానప్పుడు మానిన పుండు గోక్కోవడం ఎందుకన్నారు. నీళ్లలో నువ్వు మునుగు గానీ ఉద్యోగాన్ని కూడా వెంటబెట్టుకెళ్లి ముంచుతావా అన్నారు. ఏడుపులో నవ్వొచ్చింది. దేవుడికి చెప్పుకున్నావు, ఆయన ఊరుకున్నాడు కదా అన్నారు. ఊరుకోలేదు. నా బాధంతా అదే.

జూన్ 10

ఇవాళ డ్యూటీలో చక్రం పదకొండుసార్లు చూసుకున్నాను.

జూన్ 11

బాప్తిస్మం వాయిదా వేస్తారేమోనన్న ఆశతో పాస్టరుగారికి మొత్తం చెప్పాను. వెయ్యరట. మంచివాళ్లయ్యాక దిగే నీళ్లు కావట అవి. దేవుడు క్షమించాడని నమ్ముతున్నావా అని అడిగారు. నమ్ముతున్నానన్నాను. మరి ఇంకా ఎవరి దగ్గర దాక్కుంటున్నావు అన్నారు. ఒళ్లు మండి, చెప్పకుండా లేచి వచ్చేశాను. బస్సెక్కి కోపం తగ్గాక, లంచ్ టైంలో లాండ్రీకి వెళ్లి రావచ్చా అని లెక్కేసుకున్నాను.

జూన్ 12, గురువారం. లంచ్ టైం

లాండ్రీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

చెప్పేశాను. ఏడక్క దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. ఆపలేదు. దుప్పటి పూర్తి చేసి, మడతపెట్టి, అప్పుడు అడిగింది, చక్రం ఎప్పుడు తిప్పావని. ఎంక్వైరీకి ముందే అన్నాను. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. పద్నాలుగు నెలలు తన కళ్లను తనే నమ్మలేదట. గ్యాస్ ఆపానో లేదో చూడటానికి సగం దారి నుంచి వెనక్కి వెళ్లేదట. దేవుడి దగ్గర కూడా నీ తప్పే నా చేత ఒప్పించావు కదే అంది. గొంతు పెంచలేదు. పనుంది, వెళ్లమంది.

తిడితే బాగుండేది.

జూన్ 13

సూపర్‌వైజర్ మేడంకి లెటర్ ఇచ్చాను. రెండుసార్లు చదివింది. మూసేసిన ఫైలు ఇప్పుడెందుకు తెరిపిస్తున్నావని విసుక్కుంది. ఎంక్వైరీ అయ్యేదాకా సస్పెన్షన్. ఏడక్కకు కూడా కబురు వెళ్తుందట. నా కోటు మీది నాలుగు బ్యాడ్జి తీసుకుంది.

గేటు దాటాను. ఏడుస్తాననుకున్నాను. ఆకలేసింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి, ఎవరో వెనక నుంచి పిలుస్తారేమోనన్న భయం లేకుండా నడిచాను. ఏడక్క అంత బాధలో ఉంటే నాకు ఇంత హాయిగా ఉండటం సిగ్గుగా ఉంది. కానీ ఉంది. అబద్ధం రాయను.

జూన్ 14, శనివారం

సాక్ష్యం మళ్లీ రాశాను. అరపేజీ కూడా రాలేదు. బాగా లేదు.

ఏడక్క ఫోన్ ఎత్తడం లేదు. తువ్వాలు ఎవరు పట్టుకుంటారని పాస్టరుగారు ఫోన్ చేసి అడిగితే తెలియదన్నాను. మా ఆయన విని, గది మూల నుంచి, తను వస్తానన్నారు. మనింట్లో పాత తువ్వాలుంది, అది చాలదా అన్నారు.

జూన్ 15

చదివాను. మునిగాను. లేచేసరికి కళ్లల్లో నీళ్లు, అంతా మసకగా కనబడింది. మా ఆయన చేతిలో పాత తువ్వాలు అలాగే ఉంది. నా తల మీద పడింది నీలం తువ్వాలు. గట్టిగా తుడిచింది. నొప్పి పుట్టింది, తుడవనిచ్చాను. ఇంకా కోపంగానే ఉందట.

ఆ మాట నన్ను పేరు పెట్టి పిలిచి చెప్పింది.