ఏడవని పిల్లవాడు

2 జూన్ 2025, భూపాలపల్లి

జనగామ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పరకాలలో బస్సు ఆలస్యం. మనవడు పృథ్వీ నన్ను చూసి గోడవైపు తిరిగాడు. పుట్టినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి నా కొడుకు శ్రీకర్ ఫోన్ వాడి ముందు పెట్టి అవ్వ, అవ్వ అని నన్ను చూపిస్తాడు. అయినా కొత్తే. రెండున్నర ఏళ్లు నిండాయి, ఒక్క మాట లేదు. అందుకే వచ్చాను.

3 జూన్

శ్రీకర్ గనిలో మొదటి షిఫ్టు. కోడలు సంధ్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పిల్లవాడి చేతిలో నాకు కాల్ చేసే పాత ఫోన్. ముద్ద పెడితే నోరు తెరుస్తాడు, కళ్లు తిప్పడు. తీసెయ్యమన్నాను. గా ఫోను లేకుంటే మెతుకు ముట్టడు అత్తమ్మా, ఎంత మంచిగ కూసున్నడో చూడుండ్రి, ఏడుపే లేదు అంది.

ఈ మాట నేను ఇదివరకు విన్నదే. మా అమ్మ నాట్లకు పోతూ తమ్ముడికి ఆవగింజంత నల్లమందు పెట్టేది. వాడలో చాలామంది పెట్టేవాళ్లు. మా ఐలయ్య బంగారం, ఏడ్వనే ఏడ్వడు అని మురిసిపోయేది. ఆ బంగారం నాలుగేళ్లకు నడిచాడు. బడికి పంపితే పలక పట్టుకుని గోడను చూసేవాడు. అమ్మ చెడ్డది కాదు. నాటు వేయకపోతే పొయ్యి వెలగదు.

సంధ్యకు చెప్పాను. ఫోన్ల నల్లమందు ఉంటదా అత్తమ్మా అని నవ్వింది. మిషన్ ఆపలేదు.

6 జూన్

హన్మకొండలో పిల్లల డాక్టర్‌కు చూపించాం. చెవులు బాగానే ఉన్నాయట. ఫోన్ పూర్తిగా బంద్ చేయమన్నాడు, మనుషులు మాట్లాడాలన్నాడు. తిరుగు బస్సులో సంధ్య నవ్వలేదు. ఇంటికి రాగానే ఫోన్ తనే నా చేతికిచ్చింది. వాడు చూస్తుండగానే బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కొంగున ముడేసుకున్నాను.

7 జూన్, మధ్యాహ్నం

కంచం విసిరేశాడు. నేలకు తల కొట్టుకున్నాడు. పక్క క్వార్టర్ కట్టమ్మ పరుగున వచ్చింది. గుడుంబ మాన్పిచ్చిననాడు మా ముసలోడు గూడ గిట్లనే కొట్టుకున్నడక్కా, ఆయినెనైతే నాలుగు తిట్టిన, గీ పోరన్ని ఏమని తిడుతవ్ అంది. 

8 జూన్

తాళం తీయలేదు.

11 జూన్

కిటికీ మీద కాకి వాలితే చూశాడు. చూస్తూ రెండు ముద్దలు తిన్నాడు. శ్రీకర్‌కు చెబితే బొగ్గు మొహంతోనే వాణ్ని ఎత్తుకున్నాడు.

13 జూన్, సాయంత్రం ఏడు

మాట వచ్చింది. అవ్వ అన్నాడు. సంధ్య మిషన్ వదిలేసి వచ్చింది. మిమ్ముల్నే పిలుస్తుండు అత్తమ్మా అని ఏడ్చింది.

వాడు బీరువా తలుపు తడుతున్నాడు. వెనక నుంచి నేను పలికాను.

తిరిగి చూడలేదు.