మీ బాపు తెచ్చిన ఆటల పుస్తకం

రాజన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ బాపు మాదాపూర్‌లో మా ఆఫీసుకు వచ్చారు, మెడలో తెలంగాణ ఉద్యమ కండువాతో. కాలేజీ రోజుల్లో టీవీకి తగిలించిన ఆ పాత కంప్యూటర్ మీద, ఆటల ప్రోగ్రాములు చూసి టైపు చేయిస్తూ నువ్వు నాకు ప్రోగ్రామింగ్ నేర్పిన పుస్తకం తెచ్చారు. నాకివ్వమని దవాఖానలో చెప్పావట.

గేటు దగ్గర మాట్లాడుతుంటే మా మేనేజరు వచ్చాడు. తనది కోస్తా, మాది భీమవరం కాబట్టి నన్ను తనవాళ్లలో లెక్కేస్తాడు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు, కండువా వంక చూస్తూ.

"పాత పుస్తకాలు అమ్ముతారండీ," అన్నాను.

మీ బాపు నా ముఖంలోకి చూశారు. పుస్తకం నా చేతిలో పెట్టి, "పైసలొద్దు బిడ్డా, ఊకెనే ఇస్తున్న," అన్నారు.

నేను మేనేజరు వెనకాలే లోపలికి వెళ్లిపోయాను. ఎండలో అంత దూరం వచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదు.