వంకర టోపీ సర్దారు పాట

ట్రెంటా,
1979 మార్చి 4

చిరంజీవి డారింకాను ఇంకా మంచు కరగని మా కొండ మీది నుంచి రొజాలియా అత్త దీవించి రాయడమేమంటే,

పోయిన వేసవిలో టేపురికార్డరు భుజాన వేసుకుని మా ఇంటికొచ్చి, మూడు గిన్నెల పుల్ల క్యాబేజీ సూపు తాగి, నా చేత పాట పాడించుకుపోయావు కదా. అది నిన్న రేడియోలో విన్నాను. నీ గొంతు బాగుంది. నీ ఫ్లూటు ఇంకా బాగుంది. వెనకాల డ్రమ్ములు కొట్టినవాడెవడో గానీ, వడగళ్లు పడుతున్నాయనుకుని దండెం మీది బట్టలు తీసుకొచ్చేశాను.

ఒక్క మాట. ఆ పాటకి ఐదొందల ఏళ్లని రేడియో ఆయన అన్నాడు. తప్పు. దాన్ని ఇంకెక్కడా పాడకు.

దీవెనలతో,
రొజాలియా అత్త

తా.క.: వంకర టోపీ ఆయన బతికే ఉన్నాడు.


ల్యూబ్లియానా,
మార్చి 11

పూజ్యులైన రొజాలియా అత్తకు నమస్కారాలు.

"బతికే ఉన్నాడు" అన్న మీ మాటకి ఒళ్లు పులకరించింది. జానపదాల ప్రొఫెసర్ గారికి చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "జనం గుండెల్లో బతికే ఉన్నాడు! ఎంత మాట!" అన్నారు.

*వంకర టోపీ సర్దారు,*
*మేకను చూస్తే బేజారు*

అంటే మన మీదికి దండెత్తిన తుర్కు సేనాపతి అట. మేక అంటే మన జాతి అట. నలభై పేజీల వ్యాసం రాశారు. మీ వాక్యం మా రికార్డు అట్ట మీద వేయిస్తున్నాం.

అత్తా, తొమ్మిదేళ్లు ఒపెరా ఆర్కెస్ట్రాలో రెండో ఫ్లూటు వాయించాను. అది మానేసి ఈ జానపద రాక్ బ్యాండు పెడితే మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాలుగేళ్లు పల్లెల్లో అగ్నిమాపక దళాలవాళ్లు జరిపే జాతరల్లో సాసేజీలు కాల్చే పొయ్యి పక్కన నిలబడి పాడాను. ఇప్పుడు ఏప్రిల్‌లో ఇక్కడి పెద్ద హాల్లో కచేరీ! అంతా మీ పాట చలవే.

మీ
డారింకా

తా.క.: పాటలో "బేరి చెట్టెక్కాడు" అన్నచోట చెట్టంటే కోట బురుజని ప్రొఫెసర్ గారు. అవునా?


ట్రెంటా,
మార్చి 17

అమ్మాయీ,

చెట్టంటే చెట్టే. ఆయన ఉన్నది గుండెల్లో కాదు, వాగు అవతల. పేరు గాష్పర్. డెబ్భై మూడేళ్లు. మేకలు కాస్తాడు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు సైన్యం నుంచి టోపీ వంకరగా పెట్టుకుని దిగాడు. డాన్సుకి నన్నే పిలుస్తాడని కొత్త గౌను కుట్టించుకుంటే, పోయి మా పిన్ని కూతుర్ని పిలిచాడు. మర్నాడు మేక తరిమితే చెట్టెక్కాడు. చూశాను. పాట కట్టాను. ఇన్నేళ్లూ పాలు పితుకుతూ కొట్టంలో పాడుకున్నదే తప్ప మనిషి చెవిన వెయ్యలేదు. నువ్వొచ్చి "పాత పాటలేమైనా ఉన్నాయా అత్తా" అనేసరికి నోరు జారింది.

ఇప్పుడు గాష్పర్ కొట్టుకెళ్తే కొట్టువాడు ఆ పాటే ఈల వేస్తున్నాడు. "ఎవరు కట్టారిది?" అని ఆయన ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడు. ఇంకో వారంలో మా ఇల్లొస్తుంది.

భయంతో,
రొజాలియా

తా.క.: మేక పేరు లిస్కా. దాన్ని జాతి అనొద్దు. మహా పొగరుబోతు.


ల్యూబ్లియానా,
మార్చి 22

అత్తా,

అట్టలు అచ్చయిపోయాయి. మా డ్రమ్ములవాడు, "నోరు మూసుకుని కూర్చుందాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆదివారం రేడియోవాళ్లు నాతో మాట్లాడతారు. పాట పాతది కాదని చెప్పేస్తాను. మీ పేరు గానీ ఆయన పేరు గానీ ఎత్తను. కచేరీ పోతే పోనీ. సాసేజీల పొయ్యి ఎక్కడికీ పోదు.

క్షమించండి,
డారింకా

తా.క.: ప్రొఫెసర్ గారికి ముందే చెప్పాను. కళ్లజోడు మళ్లీ తీసి తుడుచుకుని, "పోనీ, మేకైనా జాతేనా?" అన్నారు.


ట్రెంటా,
మార్చి 28

బంగారు తల్లీ,

విన్నాను. పేరెత్తలేదు గానీ "ట్రెంటాలో ఒక పెద్దావిడ" అన్నావు. ఇక్కడ ముసలమ్మలం ముగ్గురం. ఒకామెకి చెవుడు. ఇంకొకామె పాడితే కోళ్లు గుడ్లు పెట్టవు. పది నిమిషాల్లో గాష్పర్ నా తలుపు కొట్టాడు. చేతిలో కర్రనుకున్నాను. వేణువు.

"మాటలు నీవేనా?"

"నావే. ఏం చేసుకుంటావో చేసుకో."

"మాటలు నీవి. రాగం నాది. కొండ మీద నేను వాయిస్తుంటే విని ఎత్తేశావు."

అక్కడే వాయించాడు. కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాను. నిజమే తల్లీ. రోజూ వినేదాన్ని. వినీ వినీ నాదే అనుకున్నాను.

"నువ్వు వింటున్నావనే వాయించాను" అన్నాడు. "డాన్సుకి నిన్నే పిలుద్దామని వచ్చాను. నీ చూపు చూసి హడలిపోయి పక్కనున్నదాన్ని పిలిచాను. మేకకి చెట్టెక్కాను గానీ, నువ్వు తరిమితే కొండే ఎక్కేవాణ్ని."

సూపు పోశాను. రెండు గిన్నెలు తాగాడు.

నీ కచేరీకి టికెట్లు అయిపోయాయని పేపర్లో చూశాం. జనానికి టోపీ ఆయనెవరో తెలియాలట! ఇద్దరం శనివారం బస్సుకి వస్తున్నాం. రాగం చివర నువ్వు ఊపిరి మధ్యలో తెంచేస్తున్నావట. చూపిస్తానంటున్నాడు.

ముద్దులతో,
నీ అత్త

తా.క.: కొత్త అట్ట మీద మా ఇద్దరి పేర్లూ వెయ్యి. నాది ముందు. ఆయన కూడా నీకు విడిగా ఉత్తరం రాస్తున్నాడు. అది చదవకు.