పెరుగన్నానికి తాళం

గుంటూరు,
ఫిబ్రవరి 19, బుధవారం, సాయంత్రం.

పొద్దున కాస్త మంచు పట్టింది. పదింటికల్లా ఎండ చురుక్కుమంది. యార్డుకు వెళ్ళేముందు నీళ్ళ డ్రమ్ము అడుగున పాచి గీకి, కడిగి, నింపాను.

అక్కయ్యకు తమ్ముడు కోటేశు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, పద్మ, లహరి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, మీ మామయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో తెలియజేయి.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. నీ ఫోను ఎప్పుడూ స్పీకరులో ఉంటుంది. వెనక బావ దగ్గు వినపడుతూనే ఉంది. ఇంకా ఎవరెవరు వింటున్నారో నాకు తెలియదు. నలుగురు వింటున్నారంటే నాకు నోరు పెగలదు, నీకు తెలిసిందే. అందుకని రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో.

"పిల్ల చిక్కి సగమైందంట. మీరిద్దరూ పనుల్లో పడి దాని కడుపు మాడుస్తున్నారు. వచ్చే వారం బావని పంపిస్తా. పిల్లని కొత్తపట్నం పంపించెయ్, నా చేత్తో తింటది" అన్నావు. పిల్ల చిక్కిందని నీకు ఫోను చేసి చెప్పింది ఎవరో నాకు తెలుసు. ఆ సంగతి కూడా రాస్తాను.

చిక్కిన మాట నిజమే. దసరాకు మేము ఇక్కడికి వచ్చినప్పటికీ ఇప్పటికీ రెండు కిలోలు తగ్గింది. ఏడేళ్ళ పిల్లకు రెండు కిలోలంటే తక్కువ కాదు. ఇంకా తగ్గితే పెద్దాసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందని థెరపీ మేడం జనవరిలో చెప్పారు. నెత్తిన చేయి వేస్తేనే కేకలు పెట్టే పిల్లకు ముక్కులో గొట్టమంటే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. ఆ మాట విన్నప్పటి నుంచి పద్మకూ నాకూ అన్నం రుచి లేదు.

లహరి ఏం తింటుందో నీకు తెలుసు. తెల్లగా ఉన్నవే తింటుంది. పోపు లేని పెరుగన్నం, చట్నీ లేని ఇడ్లీ, ఒక రకం పాల బిస్కెట్టు. బిస్కెట్టు విరిగితే తినదు. అరల కంచంలో తప్ప తినదు. ఒక అరలోది ఇంకో అరలోకి వస్తే కంచమే తోసేస్తుంది. ఇది మొండితనం కాదని, ఆటిజం ఉన్న పిల్లలు చాలామందికి వాసన, రంగు, మెత్తదనం మనకంటే బాగా ఎక్కువ తెలుస్తాయని మేడం చెప్పారు. కొత్తది ఏదైనా కంచంలో ఒక మూల పెట్టి ఊరుకోమన్నారు. ముట్టుకుంటే ముట్టుకుంటుంది, లేకపోతే లేదు. ఇంకో మాట కూడా అన్నారు. "తినేదాంట్లో ఇంకోటి దాచి పెట్టకండి. ఒక్కసారి దొరికిపోతే ఆ తినేది కూడా మానేస్తుంది." ఏ రోజు ఏం తిన్నదో పుస్తకంలో రాయమన్నారు. ఆ పని నాకు చేతనైన పనే. అక్టోబరు నుంచి ఒక్క రోజు కూడా తప్పలేదు.

పొద్దున ఇడ్లీ పద్మ పెడుతుంది, తింటుంది. మధ్యాహ్నం కూడా పద్మ చేతి మీదే. రెండున్నరకు పద్మ లేడీస్ హాస్టల్లో వంటకు పోతుంది, మళ్ళీ వచ్చేసరికి తొమ్మిది. నేను ఐదింటికి వస్తాను. ఈ మధ్యలో పిల్లను ఇంటామె రత్తమ్మగారు చూస్తుంది. సాయంత్రం పెరుగన్నం నేను కలిపి పెడతాను. అదే తినడం మానేసింది. వాసన చూసి పెదాలు బిగించేది. బలవంతాన పెదవికి తగిలిస్తే గౌనుతో తుడుచుకుని, మంచం కిందికి పోయి అరిచేది.

ముందు పాలవాణ్ణి అనుమానించాను. పాలు మార్చాను, ఇంకో డెయిరీ పెరుగు తెచ్చాను, లాభం లేకపోయింది. బియ్యం కొట్టతన్ని అనుమానించి పొన్నూరు నుంచి వచ్చిన పాత బియ్యం ఇంకోచోట కొన్నాను. మేడం గారిని కూడా అనుమానించాను. ఇన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తున్నారు, ఏం రాసుకుంటున్నారు అని. చివరికి ఒక ఆదివారం నా పుస్తకం ముందేసుకుని నాలుగు నెలలవీ చూశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం అన్నం తినలేదు. శనివారం కొంచెం తిన్నది. ఆదివారం బాగా తిన్నది. ప్రతి వారం అదే వరస. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, నేను ఇంట్లో ఉంటాను, రత్తమ్మగారు రాదు.

ఇంక నాకు అనుమానం ఎవరి మీద ఉండాలి? మేము ఇంట్లో దిగిన మొదటి వారమే ఆమె అన్నది. "ఇట్టాంటి యాగీలు నా పిల్లలు చేస్తే ఊరుకున్నానా? రెండు రోజులు పస్తుంచు, వద్దన్నదే వెతుక్కుని తింటది." వంటగదిలో అన్నం గిన్నె, పెరుగు గిన్నె ఆమె చేతికి అందేచోటే ఉంటాయి. పిల్లకు బలం రావాలని ఏదో కలుపుతోంది, పిల్ల దాన్ని పసిగట్టింది అనుకున్నాను. పుస్తకంలో ప్రతి సోమవారం పక్కన పెన్సిలుతో "రత్తమ్మగారు?" అని రాసుకున్నాను. ఆమెతో ఒక్క మాట అనలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో వంటగదికి తాళం వేశాను.

ఆ సాయంత్రం నేనే తాళం తీశాను. నేనే అన్నం చిదిపి పెరుగు కలిపాను. లహరి నా చేతి దాకా వచ్చి, వాసన చూసి, పెదాలు బిగించింది. అప్పుడే రత్తమ్మగారు గుమ్మంలో నిలబడింది.

"ఏందయ్యా కోటేశూ, వంటగదికి తాళమేంది? నా ఇంట్లో నేనే దొంగనా?"

"మిమ్మల్ని కాదండి."

"మరెవర్ని? పిల్లినా? పిల్లికి గొళ్ళెం చాల్లేదా?"

నేను పుస్తకం తెచ్చి చూపించాను. మీరు చూసుకునే రోజుల్లో పిల్ల తినడం లేదు, మీరు చూడని రోజుల్లో తింటోంది అన్నాను. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని దూరంగా పట్టుకుని రెండు పేజీలు తిప్పింది.

"ఈ గీతలన్నీ నా మీద కేసా?"

"అన్నంలో ఏం కలుపుతున్నారో చెప్పండి. నేనేమీ అనను."

"నువ్వు అంటావా? నాలుగు నెలల్లో నువ్వు నాతో అన్నయి పది మాటలు. సరే, చెప్తా విను. ఒక్కసారి, మీరొచ్చిన కొత్తల్లో, ఇడ్లీలో మునగాకు పొడి పెట్టా. రక్తం పడుతుందని. నీ కూతురు ఆ ఇడ్లీని విప్పి చూసి, తెచ్చి నా కొంగుకి తుడిచింది. మళ్ళీ పెట్టలా. మీ అక్కకి ఫోను చేసి పిల్ల చిక్కిపోతోందని చెప్పింది కూడా నేనే. అది కూడా రాసుకో నీ పుస్తకంలో."

నేను పుస్తకం వెనక్కి తీసుకున్నాను.

"ఇయ్యాల తాళం తీసింది నువ్వు. కలిపింది నువ్వు. నేను గుమ్మం దాటలా. మరి ఇప్పుడెందుకు తినలా?"

"నేను రాకముందు మీరేమైనా పెట్టుంటారు."

"పెట్టుంటే పెట్టానని చెప్పనా? నీకు భయపడతానా నేను? ఇట్టా తే ఆ కంచం." నా చేతిలోంచి లాక్కుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెరుగన్నంలో కారమేందయ్యా?"

నేను కూడా ఒక ముద్ద తిన్నాను. నాకు పెరుగు రుచే తెలిసింది. కారం ఎక్కడుందండి అన్నాను.

"నీ నోరు ఎప్పుడో కాలిపోయింది. చెయ్యి చూపించు."

నా అరచేతిని తన వేలితో రుద్ది, ఆ వేలు పెదవికి ఆనించుకుని, వెంటనే కొంగుతో తుడుచుకుంది.

"సబ్బుతో రెండుసార్లు కడిగానండి."

"సబ్బుకి పైనున్న దుమ్ము పోద్ది. లోపల పట్టింది పోద్దా? ముప్పై ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీశా నేను. మా పెద్దోడు చంటిపిల్లాడప్పుడు పాలకి పట్టగానే కెవ్వుమనేవాడు. దిష్టి తీయించా, తాయెత్తు కట్టించా. మా అత్త చెప్పిందాకా నా చెయ్యేనని నాకూ తెలియలా."

అక్కా, నా పని నీకు సరిగా ఎప్పుడూ చెప్పలేదు. మిర్చి యార్డులో మచ్చు తీయడం నా పని. బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చేయి దూర్చి, అడుగున ఉన్న కాయలు పైకి తీసి వ్యాపారికి చూపించాలి. రోజంతా అదే. వచ్చిన కొత్తలో కళ్ళూ ముక్కూ కారేవి, వేళ్ళు మండేవి. నెల తిరిగేసరికి ఏమీ తెలియకుండా పోయింది. తెలియకుండా పోతే అలవాటు పడ్డాననుకున్నాను. శనివారం పొద్దున్నే యార్డు బట్టలన్నీ నేనే సోడా వేసి ఉతుకుతాను. ఆ ఉతుకుడుకు చేతులకు పట్టిన కారం కొంత వదిలేది. ఆదివారానికి ఇంకాస్త. అందుకే ఆ రెండు రోజులూ తిన్నది. వరస నేను పుస్తకంలో సరిగానే చూశాను. మనిషినే తప్పు చూశాను.

నాలుగు నెలలుగా ప్రతి సాయంత్రం పిల్ల పెదవికి కారం రాసి, "తినలేదు" అని నేనే రాసుకున్నాను.

రత్తమ్మగారు చెప్పినట్టు ఇప్పుడు గుమ్మం బయటే చొక్కా విప్పుతున్నాను. మోచేతుల దాకా వేరుశనగ నూనె రుద్ది, గుడ్డతో తుడిచి, పుల్ల మజ్జిగతో కడిగి, ఆ తర్వాత సబ్బు. అయ్యాక ఆమె వచ్చి నా అరచేతిని రుద్ది రుచి చూసి, "ఊఁ, పో" అంటుంది. తాళం తీసేశాను. ఆమెకు క్షమించమని చెప్పాలని మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు చెబితే, "కొబ్బరికాయలు కొట్టి చెప్తావేమో అనుకున్నాలే, ఇంత గొణుగుడేంది" అన్నది. మునగాకు ఒక్కసారే పెట్టిందా అని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నా బుద్ధి అంత తొందరగా మారేది కాదు.

చెయ్యి శుభ్రమైంది కదా, ఇంక తింటుంది అనుకున్నాను. తినలేదు. నేను రత్తమ్మగారిని ఎలా చూశానో లహరి నన్ను అలా చూసింది. నా చేయి దగ్గరికి రాగానే వెనక్కి జరిగింది. మేడం గారికి సంగతంతా చెప్పాను. "చేత్తో పెట్టకండి. కంచం దాని ముందు పెట్టి, మీరు పక్కన కూర్చోండి. మీ చేయి నేల మీద ఊరికే ఉంచండి. రమ్మనకండి, తినమనకండి" అన్నారు. ఐదో రోజున చెంచా తీసుకుని తనే ఆరు చెంచాలు తిన్నది. ఇప్పుడు రోజూ తనే తింటోంది. అరల కంచం ఒక మూల నేను పెట్టిన దోసకాయ ముక్కను కూడా నిన్న వేలితో పొడిచి చూసింది. నా చేతిని మాత్రం ముట్టలేదు. నిన్న తూకం వేశారు. పెరగలేదు, తగ్గలేదు. గొట్టం మాట ఇంకో నెల పక్కన పెడదామన్నారు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. బావను పంపించవద్దు. నీ దగ్గరికి వస్తే తింటుందని నాకు తెలుసు. నీ దగ్గర ఉన్నప్పుడు ఎండుచేపల బుట్ట పక్కన కూర్చుని నీ వేళ్ళు నాకేది. ఆ వాసనకు పద్మ ముక్కు మూసుకునేది. నీ చేతి వాసన ఏ రోజూ మారలేదు, అందుకే అది నిన్ను నమ్మింది. కానీ ఇప్పుడు పంపిస్తే నాన్న చెయ్యి అంటే కారం చెయ్యి అనే గుర్తుతో వస్తుంది. మాటలు లేని పిల్ల, తర్వాత ఏం చెప్పి దాని మనసు మార్చగలను? ఒక నెల గడువు ఇవ్వు. తూకం తగ్గితే నేనే తెచ్చి నీ ఒడిలో పెడతాను.

ఇంకో మాట కూడా దాచను. నీకు ఆడపిల్లలు లేరు కదా, పిల్లను నీ దగ్గరే ఉంచేసుకోవాలని ఇలా అడుగుతున్నావేమో అని నిన్ను కూడా అనుమానించాను. తప్పే. కోప్పడు, కానీ ఫోనులో కాదు.

చేతులు తుడుచుకోవడానికి పాత నూలు చీరలు ఉంటే రెండు పంపించు. ఎండుచేపలు పంపవద్దు, పద్మ వద్దంటోంది. మామయ్యగారికి మా ముగ్గురి దండాలు. బావకు నమస్కారాలు. లహరి తల మీద ఇక్కడ ఎవరినీ చేయి వేయనివ్వదు కాబట్టి దీవెన అక్కడి నుంచే ఇవ్వు.

నీ మాట కాదన్నా నీ నీడనే ఉండే తమ్ముడు,
కోటేశ్వరరావు

కాగితంలో ఇంకా చోటుంది కనుక ఇవాళ్టిది కూడా పుస్తకంలో ఉన్నట్టే రాస్తున్నాను. నువ్వే చూసుకో.

పొద్దున: ఇడ్లీ రెండు. మూడోది సగం.

మధ్యాహ్నం: పెరుగన్నం, పద్మ పెట్టింది. మొత్తం తిన్నది. బిస్కెట్లు నాలుగు, విరిగింది ఒకటి రత్తమ్మగారి ఒళ్ళో పెట్టింది.

సాయంత్రం: నేను వచ్చి, నూనె, మజ్జిగ, సబ్బు అయ్యాక కంచం పెట్టి, పక్కన కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. చెంచా తీసుకోలేదు. కంచాన్ని నా వైపు జరిపింది. నేల మీద ఉన్న నా ఎడమ చేయి తీసుకుని ఒక్కొక్క వేలూ వాసన చూసి వదిలేసింది. ఇప్పుడు కలం పట్టుకున్న చేతిని పట్టి లాగుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి, ఈ చేయి