ముప్పై ఒకటో నంబరు జాగా

12 మార్చి 2007, సోమవారం

ఈరోజు నుంచి సర్వే. పాత బస్టాండు పడగొట్టి మూడంతస్తుల టెర్మినల్ కడతారట. కింద బస్సులు, పైన ఆఫీసులు, అండర్‌గ్రౌండ్‌లో పార్కింగ్. బస్టాండులో నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్ళకి కొత్త బిల్డింగులో స్టాళ్ళు ఇస్తారు. ఎవరెవరికి ఇవ్వాలో ఆ లిస్టు నేను రాయాలి. కన్సల్టెంట్ ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరి నాలుగు నెలలే అయింది. ఇంత పని నా చేతికి వస్తుందనుకోలేదు.

జాగాకొక నంబరు సుద్దతో వేయాలి. అక్కడ కూర్చున్న మనిషి పేరు, ఫోటో, వేలిముద్ర తీసుకోవాలి. ఎండ మండిపోతోంది. పది నుంచి ఒంటిగంట దాకా చేసి వచ్చేశాను. సగం మంది మన తెలుగువాళ్ళే. మాది కదిరి పక్క అని తెలిశాక మరీ చనువు. నా పేరు స్టాన్లీ అంటే నోరు తిరగక స్టానప్పా అంటున్నారు. భలే నవ్వొచ్చింది.

14 మార్చి, బుధవారం

31వ నంబరు. మల్లమ్మ. యాభై దాటి ఉంటాయి. పూలమ్ముతుంది. పేరు రాసి, ఫోటో తీశాక అప్పుడు చెప్పింది. ఒంటిగంట దాకానే ఆ జాగా తనదట. ఆ తర్వాత బాలమ్మ కూర్చుంటాదట, ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతాదట. పద్నాలుగేళ్ళుగా ఇట్లే జరుగుతా ఉండాదట.

ఫారంలో పేరుకి ఒకటే గడి. రెండో పేరు ఎక్కడ రాయను? అదే మాట ఆమెకి చెప్పాను. మల్లమ్మ ఏమీ కంగారుపడలేదు. నా పేరు రాస్తే ఆమె పేరు రాసినట్లే కదప్పా, జాగా ఒగటే కదా అంది.

అవునన్నాను. ఎందుకన్నానో! ఈ పూటకి ఇంకా పదహారు నంబర్లు మిగిలి ఉన్నాయి, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

అదే రోజు, సాయంత్రం 6

కాటన్‌పేట బస్సు కోసం నిలబడితే 31లో బాలమ్మ కనిపించింది. మనిషి సన్నం, గొంతు మాత్రం బస్టాండంతా వినిపిస్తుంది. ఆమే పిలిచి పక్కన కూర్చోమంది. ఒంటిగంటకి మల్లమ్మ పూలబుట్ట సర్దుకుని, జాగా ఊడ్చి, నీళ్ళు చల్లి, బాలమ్మ దగ్గర మొదటి గుప్పెడు కాయలు రూపాయిచ్చి కొనుక్కుని గానీ ఇంటికి పోదట. బోణీ రోజూ ఆమెదే. ఆమె చెయ్యి మంచిదప్పా, యా పొద్దన్నా ఆమె రాకపోతే నాకు యాపారమే కాదు అంది.

నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. డబ్బులిస్తే కసిరింది. మనోడే రాస్తా ఉండాడు, మాకింక బయమేముండాది అంది.

ఫారాల కట్ట బ్యాగులోనే ఉంది. అప్పుడే తీసి, గడి ఉన్నా లేకపోయినా మార్జిన్‌లో రాసి ఉండొచ్చు. బస్సొచ్చింది, ఎక్కేశాను.

16 మార్చి, శుక్రవారం

లిస్టు ఇచ్చేశాను. నూట పన్నెండు పేర్లు. ఏమైనా డౌట్స్ ఉన్నాయా అని మా బాస్ అచ్యుత్ సార్ రెండుసార్లు అడిగాడు. మధ్యాహ్నం మీద వచ్చేవాళ్ళు వేరే ఉన్నారు సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ మొదటి నుంచి సర్వే. పొద్దున పూటే ఎందుకు వెళ్ళావని చీవాట్లు. నో డౌట్స్ సార్ అన్నాను. వెరీ క్లీన్ వర్క్ అన్నాడు.

సంతోషపడ్డాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, నిజంగానే సంతోషపడ్డాను.

3 సెప్టెంబర్ 2007, సోమవారం

ఫోటో కార్డులు పంచాం. నాలుగింటికి సాయంత్రం పూట అమ్మేవాళ్ళు ముప్పై మంది దాకా వచ్చి మా పేర్లేవని గొడవ పెట్టారు. సర్వేలో లేనివాళ్ళు కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళే, లిస్ట్ క్లోజ్డ్ అని అచ్యుత్ సార్ తేల్చేశాడు. రాసినోడు యాడ, వాణ్ణి పిలవండి అని ఒకామె అరుస్తోంది. రాసినోడు జీపు వెనక నిలబడి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాడు.

ఆ గుంపులో బాలమ్మ లేదు. దూరంగా మల్లమ్మతో కలిసి కార్డుకి కుంకుమ పెడుతోంది. ఆ కార్డు తనది కూడా అనుకుంటోంది. నేను చెప్పిన అవును మీద అంత నమ్మకం.

20 జనవరి 2008

బస్టాండు పడగొట్టారు. రెండు రోజుల్లో అయిపోయింది.

1 ఏప్రిల్ 2008

నాకు పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. ఆఫీసులో కేకు కోశారు.

16 ఫిబ్రవరి 2009, సోమవారం

టెర్మినల్ తెరిచారు. గ్రానైట్, ఎస్కలేటర్, వైట్‌ఫీల్డ్ బస్సులు ఆగడానికి ఒక బే, దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి ఒక బే. బాగుంది, కాదనను. 31వ స్టాల్‌కి షట్టరు, లైటు ఉన్నాయి. పొద్దున మల్లమ్మ, మధ్యాహ్నం నుంచి బాలమ్మ. నన్ను చూసి ఇద్దరూ చేతులెత్తి దండం పెట్టారు. నా ప్రాణం చచ్చిపోయింది.

స్టాలు పేరున్న మనిషి గానీ, ఆమె రేషన్ కార్డులో ఉన్నవాళ్ళు గానీ తప్ప వేరే ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే క్యాన్సిల్. కన్నడలో, ఇంగ్లీషులో కార్డు వెనకే ఉంది. వాళ్ళిద్దరికీ చదువు రాదు. వెళ్ళి చెప్పాలి. రేపు చెబుతాను.

22 ఏప్రిల్ 2009, బుధవారం

చెప్పలేదు. రెండు నెలలు రేపు, రేపు అనుకున్నాను.

ఈరోజు ఇన్‌స్పెక్షన్. స్టాళ్ళు అద్దెలకి ఇచ్చేస్తున్నారని ఎవరో కంప్లయింట్ చేశారట. సర్వే నువ్వే చేశావు, మొహాలు నీకు తెలుసు, రా అని అచ్యుత్ సార్ నన్ను వెంట తీసుకెళ్ళాడు. మూడింటికి 31 ముందు ఆగాం. బాలమ్మ కాయలు కొలుస్తోంది. మల్లమ్మ ఇంకా ఇంటికి పోలేదు, పక్కనే ఉంది. ఎవరీమె అని అడిగితే తడుముకోకుండా కన్నడలోనే మా చెల్లెలు సార్, ఒళ్ళు బాగలేకపోతే సాయం వచ్చిండాది అంది.

సార్ నా వైపు తిరిగాడు. చెల్లెలేనా?

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. బాలమ్మ మొహంలో దిగులే లేదు. మనోడే కదా అన్న ధీమా. అవును సార్ అంటే సరిపోయేది. రేషన్ కార్డు తర్వాత చూపిస్తారని ఒక వాయిదా అడిగినా సరిపోయేది. నేను కాదు సార్, వీళ్ళకేమీ చుట్టరికం లేదు అన్నాను.

అప్పుడు రాయాల్సిన పేరు రాయకుండా నోరు మూసుకున్నవాణ్ణి, ఈరోజే సత్యం చెప్పాలని ఎందుకు పుట్టిందో నా బుద్ధికి! భయం. ఇంకేం కాదు. సర్వే తప్పు బయటపడుతుందేమోనని, ఆ మనిషి మొదటి నుంచీ ఆ జాగాలో ఉందని ఆయనకి తెలుస్తుందేమోనని.

మల్లమ్మ ఒక్క మాట అంది. ఆమె పేరు చెప్తే అప్పుడు నువ్వే ఒగ పేరు చాలంటివి కదప్పా అంది. తెలుగులో అంది. సార్‌కి తెలుగు రాదు. ఏమంటోంది అని నన్నడిగాడు. నథింగ్ సార్ అన్నాను.

23 ఏప్రిల్

మా ఆవిడ శైలజకి చెప్పాను. కడుపుకి అన్నం తింటున్నావా నువ్వు అంది.

4 మే 2009, సోమవారం

31కి సీలు పడింది. అప్పీల్ రాసి పట్టుకెళ్ళాను, సర్వే రోజు తప్పు నాదేనని ఒప్పుకుంటూ. అచ్యుత్ సార్ చదివి మడిచి నా జేబులోనే పెట్టాడు. నీ పర్మనెంట్ పోగొట్టుకుంటావా అన్నాడు. ఇంకోసారి ఇవ్వొచ్చు. పైఆఫీసుకి పోస్టు చేయొచ్చు. జేబులోనే ఉంది.

17 ఆగస్టు

మల్లమ్మ బయట రోడ్డు మీద పూలమ్ముతోందని తెలిసి వెళ్ళాను. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బాలమ్మ మాట్లాడటం మానేసిందట. నీ స్టాలు నా మూలానే పోయింది, నా మొగం నీకు చూపించను అనిందట. ఎక్కడ ఉంటోందో తెలియదట. ఆ పిచ్చిదానికి బోణీ ఎవురు చేస్తా ఉండారో అని మల్లమ్మ కళ్ళు తుడుచుకుంది.

నీ తప్పు కాదు, నాది అని బాలమ్మకి నేను చెప్పాలి.

9 నవంబర్ 2009, సోమవారం

ఫ్లైఓవర్ కింద బాలమ్మ కనిపించింది. నేను పిలిచేలోపే నా మెడలో ఐడీ కార్డు చూసింది. బుట్ట అక్కడే వదిలి, రోడ్డు దాటి, బస్సుల మధ్యలో పరుగు. రాసుకోవడానికి రాలేదు బాలమ్మా అని అరిచాను.

బుట్ట దగ్గర కూర్చున్నాను. ఒకాయన వచ్చి సేరెంతప్పా అన్నాడు. అమ్మే మనిషి ఇప్పుడే వస్తుందన్నాను. చీకటి పడింది. నేను లేచి వెళ్తే గానీ ఆమె రాదని అప్పుడు తెలిసింది.

వచ్చేశాను.