నాయన గొంతుకు అడ్రసు

ఏరియూరు, సోమవారం

ప్రియమైన మురళి అన్నకు,

ఫోను చేస్తే నాయన పక్కనే కూర్చుని వింటాడు. అందుకే మెయిలు, అదీ తెలుగులో. ఆయనకు అరవం తప్ప చదవను రాదు కదా.

పాత కంప్యూటరు మొరాయిస్తోందని కొత్తది కొని, నీ ఫోల్డరంతా అందులోకి ఎక్కించి, పాతది ఇచ్చేశాను. మాట పోయిన ఆ ఆపరేషనుకు ముందు నువ్వు రికార్డు చేసిన నాయన గొంతు ఇప్పుడు పలకడం లేదు. అరవ అక్షరాల్లో తన మాట టైపు చేస్తాడు, మీట నొక్కుతాడు, ఏమీ రాదు. అయిదు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టడు.

స్కానులో ఆయన గొంతులో గడ్డ మళ్ళీ కనబడింది. శుక్రవారం ధర్మపురి ఆసుపత్రికి రమ్మన్నారు. ఆయనకింకా చెప్పలేదు. ఏం చెయ్యమంటావో రాయి.

నీ చెల్లెలు,
ఇంద్రాణి

బెంగళూరు, మంగళవారం

ప్రియమైన ఇంద్రాణీ,

గొంతు పోలేదు, దాని అడ్రసు తప్పింది. తప్పు నాదే. ప్రోగ్రాము పెట్టేటప్పుడు, గొంతు ఫైళ్ళు ఎక్కడున్నాయో చూపే లింకులో పాత కంప్యూటరు పూర్తి అడ్రసు రాశాను. మనం సోగత్తూరు ఇల్లు వదిలేసినా ఎవరో ఇంకా ఆ ఇంటికే ఉత్తరం వేస్తున్నట్టు, అది అక్కడే వెతుకుతోంది. ‘పక్క ఫోల్డరులో చూడు’ అని రాసుంటే, అన్నీ కలిసి ఎక్కడికి పోయినా దొరికేది. తొందరలో ఆలోచించలేదు.

పాత లింకు ఒక్కటే తీసెయ్యి, ఫైళ్ళు ముట్టుకోకు. కొత్త లింకులో ‘ఒక మెట్టు పైకెక్కి, పక్కనున్న గొంతు ఫోల్డరు’ అని ఉండాలి. మెట్టంటే పై ఫోల్డరు; అది నువ్వున్న చోటి నుంచి కాదు, లింకున్న చోటి నుంచి లెక్క. కమాండు కింద పెట్టాను, చూసి అలాగే కొట్టు.

గడ్డ సంగతి మాత్రం నాయనకు చెప్పొద్దు. భయంతోనే పోతాడు. డాక్టరుతో నేను మాట్లాడి, మళ్ళీ ఆపరేషను చెయ్యమంటాను.

ఎప్పటికీ నీ అన్న,
మురళి

ఏరియూరు, బుధవారం

ప్రియమైన అన్నకు,

గొంతు వచ్చింది.

నీ మెయిలు తెరిచి పెట్టుకుని, చూస్తూ కమాండు కొట్టాను. కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఈలోగా నాయన లేచి మీట నొక్కాడు. ఏ లిపైనా చదువుతుంది కాబోలు, తెర మీదున్న నీ మెయిలంతా అది చదివేసింది. చదవలేడని తెలుగులో రాసుకున్నాం, వింటాడని ఇద్దరికీ తోచలేదు. “భయంతోనే పోతాడు” అని ఆయన గొంతే ఆయనకు చెప్పింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

నాయన ఒక్కో అక్షరం వెతికి టైపు చేసి, మీట నొక్కాడు.

“మళ్ళా కొయ్యొద్దని డాక్టరుకు నేనే చెప్తా. మురళి వచ్చి పక్కన కూసుంటే సాలు.”

అలా అనొద్దని కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, మళ్ళీ మీట నొక్కి అదే మాట వినిపించాడు.

రేపే బయలుదేరు అన్నా.

ఇంద్రాణి